రావలసిన పద్దు

మూడో రోజు పొద్దున
నీళ్లు తప్ప ఇంకేమీ కనపడని చోట
ఓడ ఐదో అంతస్తులో ఒకమ్మాయి బల్ల వేసుకుని కూర్చుంది.
"దిగాక కంటే ఇక్కడే కట్టేసుకోండి,
వచ్చేసారి ప్రయాణం చౌక."

సువార్త నా మోచెయ్యి గిల్లింది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
తను కాటా దగ్గర, నేను పద్దుల దగ్గర
పదకొండేళ్లుగా తుమ్ముతున్నవాళ్లం.
ఈ ఓడ ఎక్కడానికే
లక్ష రూపాయల చీటీని
ఇరవై రెండు వేలు వదులుకుని పాడినవాళ్లం.
ముందే కావాలంటే మన చెయ్యి కొయ్యాలి, అది చీటీ ధర్మం.
ముందే కడితే వాళ్ల చెయ్యి కోసుకుంటారట, ఇది ఓడ ధర్మం.
ఒకటే డబ్బు
ఒడ్డున ఒకలా, నీళ్ల మీద ఇంకోలా నడుస్తుందా?

అడ్వాన్సెంత అన్నాను. ఇద్దరికీ పదివేలు.
రాలేకపోతే? వెనక్కిస్తారట.
తారీఖు? రెండేళ్లలో ఎప్పుడైనా సరే.
పైగా ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి నాలుగు వేలు ఎదురిస్తారు.
"మరి ఇందులో మీకేంటమ్మా?"
ఆ పిల్ల నవ్వింది.
రుమాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే రోజుల్లో
మా యార్డు దలాలీలు అచ్చం అలాగే నవ్వేవాళ్లు.

నాకు రైతులు గుర్తొచ్చారు.
మార్చిలో ధర లేదని టిక్కీలన్నీ చలిలో దాచి
రేపటి రేటు కోసం ఇవాళ అద్దె కట్టేవాళ్లు.
ఒకడికి కలిసొస్తుంది.
ఒకడికి అద్దె పోను తాలుకాయలంత మిగులుతుంది.
రేపుకి కూడా గోదాము అద్దె ఉంటుందని
రసీదులు రాసే నాకు ఒకరు చెప్పాలా?

"వద్దులే" అనబోయాను.
సువార్త రెయిలింగు పట్టుకుని గాలి పీల్చి
"మూడు రోజులైంది, ఒక్క తుమ్ము రాలేదు, గమనించావా?" అంది.
కట్టేశాం.

ఊరొచ్చాక మనసాగక
బ్రాడీపేట నాలుగో లైన్లో గౌస్ మొహిద్దీన్ ఆఫీసుకెళ్లాను.
అదే ఓడ, అదే కిటికీ లేని గది
ఆయన దగ్గర రెండువేల ఆరువందలు తక్కువ.
నా మొహం చూసి టీ తెప్పించాడు.
"ఆ బుకింగు నా పేరు మీదికి మార్చండి,
నా కమీషన్లోంచి పదిహేను వందలు మీకు" అన్నాడు.
అంటే ఇంకా పదకొండు వందలు నష్టం.
ఆ ఎదురిచ్చే నాలుగు వేలు కలుపుకుంటే
రెండు వేల తొమ్మిదొందలు లాభం.
కానీ ఆ నాలుగు వేలు ఒడ్డున చెల్లవు.
ఓడలో కాఫీ మూడువందల యాభై.
మొన్న మేం ఒక్క కప్పు తాగలేదు,
ఇంటి నుంచి తెచ్చిన కారప్పూస తిని మంచినీళ్లు తాగాం.
తాగితే లాభం, తాగకపోతే నష్టం.
ఇలాంటి లెక్క నా సర్వీసులో చూడలేదు.
వేసవిలో ఇంకేదో ఆఫర్ వస్తే
ఇది కూడా తారుమారే, అని ఆయనే చెప్పాడు, పాపం, నిజాయితీగా.

ఆ పదివేలు ఎక్కడ రాయాలో రెండు రోజులు తేలలేదు.
ఖర్చంటే ఖర్చు కాదు. పొదుపంటే నవ్వుతారు.
చివరికి ఇంటి పుస్తకంలో "రావలసినవి" కింద
ఫిరంగిపురం కోటిరత్నం, చేబదులు, మూడువేలు,
పేరేచర్ల పిన్ని, ఎనిమిది వందలు,
ఆ కింద
సముద్రం, పదివేలు, అని రాశాను.

ఏప్రిల్. రేకుల కింద నలభై నాలుగు డిగ్రీలు.
గేటు బయట దాకా లారీల వరస, గాలంతా తేజ ఘాటు.
కాటా దగ్గర్నుంచి సువార్త బరువులు అరుస్తోంది,
నలభై రెండున్నర, నలభై మూడు, తుమ్ము, నలభై ఒకటి...
రెండు టిక్కీల మధ్య సందు చూసుకుని
"నాలుగు వేలకి ఎన్ని కాఫీలొస్తాయే?" అంది.
"పదకొండు!" అని అరిచాను.

లారీ గుమస్తా కంగారుగా తలెత్తి
పదకొండు అని రాసుకున్నాడు.